ఉన్నవాళ్లతోనే గెలిపించిన ఉస్తాద్ రహీం సాబ్

అనంతపురం పీఠభూమి మీద సేద్యం చేసే రైతుకు ఒక విద్య తెలుసు. ఆరుద్ర కార్తెలో పదును వాన పడితే వేరుశనగ వేస్తాడు. పడకపోతే పునర్వసు దాకా ఆకాశం వైపు చూస్తాడు. ఆ కార్తె కూడా దాటిపోతే దాచి ఉంచిన విత్తనకాయల్ని పక్కకు పెట్టి ఉలవలో, అలసందలో, కొర్రలో చల్లుతాడు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల ఇది. ఆ వాన కూడా ఎప్పుడు పడుతుందో తెలియదు. ఏ చెలక ఎన్నాళ్లు తేమ పట్టి ఉంచుతుందో, ఏ గింజ ఎంత ఆలస్యానికి తట్టుకుంటుందో ఎరిగినవాడికి ఆఖరి గడియలో చేసిన మార్పు కలిసివస్తుంది. ఎరగనివాడు పక్కవాణ్ణి చూసి విత్తనం మారిస్తే చేతిలోని గింజలు కూడా మట్టిపాలవుతాయి.

ఈ విద్యను మనం సమయస్ఫూర్తి అంటాం. దానికి దగ్గరి చుట్టంలా కనిపించే మరో మాట కూడా ఉంది. అదే సర్దుకుపోవడం. బంతి లేకపోతే గుడ్డ ఉండతో ఆడించడం, బూట్లు లేకపోతే ఒట్టి కాళ్లతో పరుగెత్తించడం, పీటీ సారు లేకపోతే లెక్కల సారు చేతికి ఈల ఇవ్వడం మన బళ్లలో మామూలే. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కానీ ఒకటి గెలిపిస్తుంది, మరొకటి ఏదో ఒక రోజు నిలువునా ముంచుతుంది. ఈ తేడాను మన దేశానికి ఫుట్‌బాల్ మైదానంలో చూపించిన వ్యక్తి ఒక బడిపంతులు. ఆయనే హైదరాబాద్‌కు చెందిన మర్హూమ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్. ఆటగాళ్లందరికీ రహీం సాబ్.

బడి నుంచి మైదానానికి

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. అప్పటికి ఆ నగరాన్ని ఏలుతున్నది ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. రహీం సాబ్ ఉస్మానియాలో చదువుకున్నారు, అక్కడే ఫుట్‌బాల్ ఆడారు. చదువు ముగిశాక బడిపంతులు వృత్తిలోకి వచ్చారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల పాఠశాలల్లో పిల్లలకు పాఠాలు చెప్పారు. ఆ తర్వాత వ్యాయామ విద్యలో శిక్షణ పొంది ఆటల బాధ్యత కూడా చేపట్టారు.

ఆయన కోచ్‌గా చేసిన ప్రతి పనిలోనూ ఈ పంతులు కనిపిస్తాడు. మంచి పంతులు పాఠం సిద్ధం చేసుకునే తరగతికి వెళతాడు. అయితే పిల్లల ముఖాలు చూశాక ఆ పాఠాన్ని అక్కడికక్కడే మార్చుకుంటాడు. వెనక బెంచీలో కూర్చున్నవాడికి అర్థం కాలేదని తెలిస్తే మరో ఉదాహరణ వెతుకుతాడు. సిద్ధం కాకుండా వెళ్లే పంతులు, సిద్ధం చేసుకున్న దాన్ని వదలలేని పంతులు, ఇద్దరివల్లా పిల్లలకు నష్టమే. రహీం సాబ్ ఈ రెండు తప్పుల మధ్య దారి పట్టుకుని నడిచారు.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. మరణించే దాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. ఆయన చేతికి వచ్చిన హైదరాబాద్ ఫుట్‌బాల్‌లో నైపుణ్యానికి లోటు లేదు. గల్లీల్లో, ఖాళీ జాగాల్లో ఆడి పెరిగిన కుర్రాళ్లు బంతిని కాలికి అంటించుకుని నలుగురిని దాటించగలరు. అదే వాళ్ల బలం, అదే బలహీనత కూడా. బంతి ఒకడి కాలి దగ్గర ఎక్కువసేపు ఉంటే మిగతా పదిమంది ప్రేక్షకులవుతారు.

చిన్న పిల్లల ఆటలో పెద్ద పాఠం

ఈ జబ్బుకు రహీం సాబ్ చేసిన వైద్యం వింతగా ఉంటుంది. ఆయన డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లు పెట్టారు. బంతిని ఎక్కువసేపు కాలి దగ్గర ఉంచుకోకూడదు, వెంటనే తోటివాడికి అందించాలి. మొదట్లో కుర్రాళ్లకు ఇది చేతులు కట్టేసినట్టే ఉంటుంది. కానీ దీనిలోని గుట్టు ఆడేకొద్దీ బయటపడుతుంది. బంతి వచ్చాక ఆలోచించడానికి వ్యవధి లేదు కనుక అది రాకముందే తల ఎత్తి చూడాలి. ఎవడు ఎక్కడున్నాడు, ఖాళీ ఎటు ఉంది, ఎదుటివాడు ఎటు వాలుతున్నాడు, ఇవన్నీ ముందే కంటికి ఆనాలి.

బలహీనమైన కాలితోనే ఆడాలన్న నియమంతో మరికొన్ని పోటీలు పెట్టారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటం ఉన్నవాడు కుడికాలితో తన్నాలి. పిల్లలు పడేవారు, బంతి ఎటో పోయేది. అయినా కొన్నాళ్లకు ఆ రెండో కాలు కూడా పనిలోకి వస్తుంది. రెండు కాళ్లూ పనిచేసే ఆటగాణ్ణి ఎడమవైపు నిలబెట్టవచ్చు, కుడివైపూ నిలబెట్టవచ్చు. వాడి స్థానం మారినా జట్టు చెదరదు.

రహీం సాబ్ గురించి తర్వాతి కాలంలో చెప్పుకున్న ఉపాయాలన్నిటికీ వేరు ఇక్కడ ఉంది. ఆఖరి నిమిషంలో ఒకణ్ణి వేరేచోట నిలబెట్టి గెలిచారంటే చూసేవాళ్లకు అది గారడీలా ఉంటుంది. ఆ మార్పుకు తగ్గట్టుగా ఆటగాణ్ణి ఏళ్ల తరబడి తయారుచేసిన సంగతి వాళ్లకు కనబడదు.

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. అంతకు రెండేళ్ల కిందటే, 1948 సెప్టెంబరులో, పోలీసు చర్యతో నిజాం రాజ్యం అంతరించింది. నగరంలో ఎన్నో కుటుంబాల బతుకు తలకిందులైన సమయమది. ఆ సమయంలో ఆ నగరం నుంచి వెళ్లిన జట్టు దేశాన్ని ఆశ్చర్యపరిచింది. 1950లో, స్వాతంత్ర్యం తర్వాత తొలిసారి జరిగిన డ్యూరాండ్ కప్‌లో, కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించి విజేతగా నిలిచింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు గెలుచుకుంది. కలకత్తాయే ఫుట్‌బాల్ అనుకునే రోజుల్లో దక్కన్ నుంచి వచ్చిన పోలీసు కుర్రాళ్లు ఈ పని చేశారు. 1956, 1957 సంవత్సరాల్లో హైదరాబాద్ రాష్ట్ర జట్టుకు సంతోష్ ట్రోఫీ దక్కినప్పుడూ ఆ వెనక ఆయనే ఉన్నారు.

ఢిల్లీ బంగారం, హెల్సింకీ దెబ్బ

దేశం జట్టు బాధ్యత కూడా 1950 ప్రాంతంలోనే ఆయన చేతికి వచ్చింది. 1951 మార్చిలో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. శైలేన్ మన్నా కెప్టెన్. మనవాళ్లు ఇండోనేషియాను 3-0తో, ఆఫ్ఘనిస్థాన్‌ను 3-0తో ఓడించారు. ఫైనల్లో సాహూ మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో ఇరాన్ మీద గెలిచారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో తొలి బంగారు పతకం మనదే.

మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్. అక్కడ జరిగింది దాచకుండా చెప్పుకోవాలి. ఎందుకంటే రహీం సాబ్ జీవితంలో అదే మలుపు. 1952 జూలైలో యుగోస్లావియాతో ఆడిన మ్యాచ్‌లో భారత్ 10-1 తేడాతో ఓడిపోయింది. మన జట్టు తరఫున ఆ ఒక్క గోల్ అహ్మద్ ఖాన్ కొట్టారు. చల్లని దేశం, తడి పచ్చిక, ఎదురుగా బూట్లు తొడుక్కున్న బలిష్ఠులు. మనవాళ్లలో చాలామంది ఒట్టి కాళ్లతో ఆడారు.

ఒట్టి కాళ్ల ఆట మన దేశంలో గర్వంగా చెప్పుకున్న సంగతి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఒట్టి కాళ్లతో ఆడి ఫ్రాన్స్ చేతిలో 2-1 తేడాతో మాత్రమే ఓడినప్పుడు జనం మెచ్చుకున్నారు. ఎండిన గట్టి నేల మీద పాదానికి బంతి బాగా అందుతుంది, నిజమే. కానీ అది పేదరికంతో చేసుకున్న సర్దుబాటు. దాన్ని మనం కళ అని పిలుచుకున్నాం. నేల మారగానే ఆ సర్దుబాటు మోసం చేసింది. తడి పచ్చిక మీద ఒట్టి కాలు జారుతుంది, బూటు తొక్కితే నలుగుతుంది. గట్టిగా తన్నాలన్నా వెనకాడాల్సి వస్తుంది. ఇలాంటి లోటును కోచ్ ఆటస్థలంలో ఏ ఉపాయంతోనూ పూడ్చలేడు. అది ఊళ్లో ఉండగానే, నెలల ముందే తీర్చుకోవాల్సిన లోటు.

ఆ దెబ్బ తర్వాత జాతీయ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. రహీం సాబ్ కూడా తన పనిని మళ్లీ మొదటి నుంచి చూసుకున్నారు. పది గోల్స్ తిన్న జట్టు కోచ్ సాకులు వెతుక్కోవడం సులభం. చలి, ప్రయాణం, అలవాటు లేని నేల, అన్నీ ఆయనకు చేతికి అందేంత దూరంలోనే ఉన్నాయి. ఆయన మాత్రం తనను ఓడించినవాళ్ల ఆటను చదవడం మొదలుపెట్టారు.

ఒకణ్ణి వెనక్కి లాగితే

1953 నవంబరులో లండన్‌లోని వెంబ్లీ మైదానంలో హంగరీ జట్టు ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించింది. సొంత గడ్డ మీద తమకు తిరుగులేదనుకున్న ఇంగ్లీషువాళ్లకు అది పెద్ద దిగ్భ్రమ. హంగరీవాళ్లు చేసింది చెప్పడానికి చిన్న సంగతే. ముందు వరుస మధ్యలో నిలబడాల్సిన హిదెగ్కుటి కాస్త వెనక్కి వచ్చి ఆడాడు. అతణ్ణి కాపు కాయాల్సిన ఇంగ్లండ్ ఆటగాడు వెంట వెళితే వెనక ఖాళీ ఏర్పడుతుంది, వెళ్లకపోతే అతడు స్వేచ్ఛగా బంతి పంచుతాడు. ఎటు చూసినా ఇబ్బందే.

ఈ ఆలోచనను రహీం సాబ్ ఒడిసిపట్టుకున్నారు. అయితే హంగరీ ఆటగాళ్ల ఒడ్డూ పొడుగూ మనవాళ్లకు లేవు. బలానికి బలంతో ఢీకొంటే ఓడిపోతామని హెల్సింకీ నేర్పింది. కనుక ముందు వరుసలోని ఒకణ్ణి వెనక్కి లాగి, చిన్న చిన్న పాస్‌లతో చకచకా ముందుకు సాగే ఆటను మనవాళ్ల కాళ్లకు తగ్గట్టు కత్తిరించుకున్నారు. వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు అనే అమరికను బ్రెజిల్ 1958 ప్రపంచ కప్‌లో ఆడి లోకానికి పరిచయం చేసింది. ఆ అమరిక వైపు మన హైదరాబాద్ పంతులు అంతకు ముందే అడుగులు వేశారని ఫుట్‌బాల్ చరిత్ర రాసినవాళ్లు గుర్తుచేస్తుంటారు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఈ ఆట ఫలించింది. సమర్ బదరు బెనర్జీ కెప్టెన్. హైదరాబాద్ నుంచి అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్ వంటివారు ఉన్నారు. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాంకు అప్పటికి ఇరవై ఏళ్లు. హంగరీ జట్టు రాకపోవడంతో మొదటి అడ్డంకి ఆడకుండానే తప్పింది. క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య దేశం ఆస్ట్రేలియా ఎదురైంది. వాళ్ల ప్రేక్షకుల ముందే మనవాళ్లు 4-2తో గెలిచారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన తొలి ఆసియా ఆటగాడు అతడే.

సెమీ ఫైనల్లో మళ్లీ యుగోస్లావియా. ముందుగా గోల్ కొట్టింది మనవాళ్లే. ఆ తర్వాత ఆట చేజారి 4-1తో ఓడారు. కంచు పతకం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంతో తిరిగివచ్చారు. నాలుగేళ్ల కిందట పది గోల్స్ తిన్న దేశం ఇది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఆ నాలుగో స్థానాన్ని మనం ఈనాటికీ దాటలేదు.

1960 రోమ్ ఒలింపిక్స్‌కు పి.కె. బెనర్జీ కెప్టెన్. మనవాళ్లు హంగరీతో 2-1తో ఓడారు, ఫ్రాన్స్‌తో 1-1తో సమం చేశారు, పెరూతో 3-1తో ఓడారు. తొలి దశలోనే వెనుదిరిగినా ఐరోపా జట్లతో సమ ఉజ్జీగా ఆడారన్న పేరు వచ్చింది. ఆ జట్టులో రహీం సాబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నారు. కానీ ఒక్క మ్యాచ్‌లోనూ బరిలోకి దిగే అవకాశం ఆయనకు రాలేదు. జట్టు బాగోగుల ముందు తండ్రి మనసు పక్కకు తప్పుకుంది.

జకార్తాలో ఆఖరి పరీక్ష

1962 నాటికి రహీం సాబ్ ఆరోగ్యం బాగా దెబ్బతింది. సిగరెట్ అలవాటు ఆయన్ను వదలలేదు. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ చేరింది. ఆ శరీరంతోనే ఆయన జట్టును జకార్తా ఆసియా క్రీడలకు తీసుకువెళ్లారు. చునీ గోస్వామి కెప్టెన్. పి.కె. బెనర్జీ, బలరాం, జర్నైల్ సింగ్, అరుణ్ ఘోష్, పీటర్ తంగరాజ్, రామ్ బహదూర్, ఫ్రాంకో, హైదరాబాద్‌కు చెందిన యూసుఫ్ ఖాన్ ఆ జట్టులోని వారు.

మొదలే బాగాలేదు. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. ఆ తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించి సెమీ ఫైనల్ చేరారు. కానీ ఈలోగా జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అతడు ఆ జట్టుకు కోటగోడ వంటివాడు. రక్షణ వరుస నడిమధ్య నిలబడే స్టాపర్. ఎత్తుగా వచ్చే ప్రతి బంతినీ తలతో తిప్పికొట్టడం అతడి పని. కుట్లు పడిన తలతో ఆ పని ఎలా చేస్తాడు? ఇంకొందరికి కూడా దెబ్బలు తగిలాయి. గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరంతో పడుకున్నాడు. ఇప్పట్లాగా ఆట మధ్యలో ఐదుగురిని మార్చుకునే వీలున్న కాలం కాదు. ఇంటి నుంచి కొత్తవాణ్ణి రప్పించే వ్యవధి లేదు. చేతిలో ఉన్నది ఎవరు ఉంటే వారే.

మామూలు కోచ్ అయితే జర్నైల్‌కు విశ్రాంతి ఇచ్చి ఊరుకునేవాడు. మొండి కోచ్ అయితే కట్టు కట్టి మళ్లీ స్టాపర్‌గానే నిలబెట్టేవాడు. రహీం సాబ్ ఎవరూ ఊహించని మార్పు చేశారు. జర్నైల్ సింగ్‌ను ముందు వరుసకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. అరుణ్ ఘోష్‌ను స్టాపర్ స్థానంలోకి తెచ్చారు.

ఈ నిర్ణయాన్ని తాపీగా విప్పి చూద్దాం. స్టాపర్‌కు బంతిని ఎంచుకునే అవకాశం ఉండదు. వచ్చినదాన్ని వచ్చినట్టు ఆపాలి. ఫార్వర్డ్ అలా కాదు, ఏ బంతికి తల పెట్టాలో, దేన్ని కాలితో అందుకోవాలో తానే చూసుకోగలడు. గాయపడ్డవాడికి ఆ కాస్త వెసులుబాటు చాలు. రెండోది, జర్నైల్ కాలేజీ రోజుల్లో ముందు వరుసలో ఆడినవాడే. దేశమంతా అతణ్ణి స్టాపర్‌గా చూసి ఆ సంగతి మరచిపోయినా రహీం సాబ్ మరచిపోలేదు. మూడోది, అతడి ఒడ్డూ పొడుగూ చూస్తే ఎదుటి రక్షణ వరుసకు గుండె జారుతుంది. పైగా వాళ్లు సిద్ధమై వచ్చింది అతణ్ణి దాటి గోల్ కొట్టడానికి. ఆపడానికి కాదు. ఇక నాలుగోది, అరుణ్ ఘోష్ ఆ స్థానాన్ని మోయగలడన్న నమ్మకం. ఆ నమ్మకం లేకపోతే మొదటి మూడూ వృథా.

సెమీ ఫైనల్లో దక్షిణ వియత్నాం మీద మనవాళ్లు 3-2తో గెలిచారు. చునీ రెండు గోల్స్, తలకు కట్టుతో ఆడిన జర్నైల్ ఒకటి కొట్టారు.

లక్ష గొంతుల ఎదుట

ఫైనల్ సెప్టెంబరు 4న. ప్రత్యర్థి మళ్లీ దక్షిణ కొరియా. సెనాయన్ స్టేడియంలో లక్ష మంది దాకా జనం. ఆ జనం మనవాళ్ల మీద కోపంగా ఉన్నారు. ఆతిథ్య దేశం ఇండోనేషియా ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లను రానివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలు అని పిలవకూడదని భారత అధికారి జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పారు. దాంతో నగరంలో భారత వ్యతిరేకత రగిలింది. ఆ తగాదాతో సంబంధం లేని ఆటగాళ్లు స్టేడియంలో అడుగుపెట్టగానే హేళనలు వినాల్సివచ్చింది. ఆ జనసముద్రంలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు కొందరు మనవాళ్లకు మద్దతుగా కేకలు వేశారని ఆనాటివాళ్లు చెప్పుకునేవారు.

ఆ రోజు రహీం సాబ్ మరో మార్పు చేశారు. అంతకు ముందు మ్యాచ్‌లో గోల్ కాచిన ప్రద్యుత్ బర్మన్‌ను పక్కన ఉంచి, జ్వరం నుంచి కోలుకుంటున్న తంగరాజ్‌ను నిలబెట్టారు. తంగరాజ్ మంచి పొడగరి. కొరియావాళ్లు ఎత్తుగా వేసే బంతులకు ఆ చేతులు అవసరమని ఉస్తాద్ లెక్క. గెలిచిన జట్టులో గోల్‌కీపర్‌ను ఫైనల్ రోజు మార్చడం చిన్న సాహసం కాదు. ఓడిపోతే మొత్తం నింద కోచ్ నెత్తిమీదే పడుతుంది.

17వ నిమిషంలో పి.కె. బెనర్జీ తొలి గోల్ కొట్టాడు. మూడు నిమిషాల తర్వాత జర్నైల్ సింగ్ రెండోది కొట్టాడు. తొలి మ్యాచ్‌లో అతణ్ణి వెనక వరుసలో చూసిన కొరియా జట్టుకు ఇప్పుడు అతడే ముందుకు దూసుకువస్తుంటే తట్టుకోవడం కష్టమైంది. ఆట ముగియబోయే ముందు కొరియా ఒక గోల్ తిరిగి ఇచ్చింది. మిగిలిన నిమిషాలు మనవాళ్లు కాచుకున్నారు. 2-1తో బంగారు పతకం భారత్ పరమైంది. ఫైనల్‌కు ముందు రహీం సాబ్ ఆటగాళ్లను పిలిచి, తనకు ఈ పతకాన్ని కానుకగా ఇమ్మని అడిగారని వారు తర్వాత తలచుకునేవారు. తమ ఉస్తాద్ శరీరం ఏ స్థితిలో ఉందో కళ్లారా చూస్తున్నవాళ్లకు అంతకు మించిన ప్రసంగం అక్కరలేకపోయింది.

తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఆయన వయసు 53 ఏళ్లు.

ఉస్తాద్ వెళ్లాక

ఆయన తర్వాత మన ఫుట్‌బాల్ ఆ ఎత్తును మళ్లీ చూడలేదు. 1960 తర్వాత భారత జట్టు ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేదు. ఆసియా క్రీడల్లో మరో బంగారం రాలేదు. 1970 బ్యాంకాక్‌లో కంచు పతకం వచ్చింది. ఆ జట్టు కెప్టెన్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ నయీముద్దీన్. తర్వాత కోచ్ అయి 1990లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్నది కూడా ఆయనే. ఆ పురస్కారం మొదలైంది 1985లో, అంటే రహీం సాబ్ వెళ్లిపోయిన 22 ఏళ్లకు. రహీం సాబ్ శిష్యుడు పి.కె. బెనర్జీ దేశంలో పేరున్న కోచ్‌లలో ఒకరయ్యారు. కుమారుడు హకీం అంతర్జాతీయ రెఫరీగా, కోచ్‌గా పనిచేసి 2021లో మరణించారు. 2024లో ఈద్ సమయంలో విడుదలైన హిందీ చిత్రం మైదాన్ పుణ్యమా అని కొత్త తరం ఆయన పేరు విన్నది.

ఇంత పెద్ద ఉస్తాద్ వెళ్లిపోతే ఆయన విద్య ఎందుకు కొనసాగలేదు? ఒక్క కారణం చెప్పి ఊరుకోలేం. ప్రపంచం ముందుకు పరుగెత్తింది. మన మైదానాలు, మన సంఘాలు ఆ వేగాన్ని అందుకోలేదు. కానీ ఒక సంగతి మాత్రం ఆలోచించదగ్గది. జకార్తా గెలుపు నుంచి చాలామంది నేర్చుకున్నది ఆఖరి నిమిషంలో ఏదో ఒక ఉపాయం తడుతుందిలే అన్న ధైర్యాన్ని. నేర్చుకోవాల్సింది మాత్రం ఆ ఉపాయానికి ముందు గడిచిన ఇరవై ఏళ్ల పనిని. డ్రిబ్లింగ్ లేని ఆటలు, రెండో కాలి సాధన, శత్రువు ఆటను చదవడం, ప్రతి ఆటగాడి గతం గుర్తుపెట్టుకోవడం, ఇవి వార్తల్లోకి ఎక్కవు. జర్నైల్‌ను ముందుకు పంపిన క్షణం మాత్రమే ఎక్కుతుంది.

మన నేలకు ఈ కథ ఏం చెబుతుంది?

అనంతపురంలో ఇప్పుడు ఆర్‌డీటీ క్రీడా గ్రామం ఉంది. పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలు, అబ్బాయిలు అక్కడ ఫుట్‌బాల్ నేర్చుకున్నారు. అయినా పీఠభూమి మీది ఎన్నో బళ్లలో ఇప్పటికీ ఎర్రమట్టి నేలే మైదానం. అరవై మందికి ఒకటే బంతి అయితే పీటీ సారు ఏం చేయాలి?

రహీం సాబ్ బతుకు ఆ సారుకు రెండు మాటలు చెబుతుంది. మొదటిది, ఒక్క బంతితోనూ బోధించవచ్చు. బంతిని మూడుసార్ల కన్నా ఎక్కువ తాకకూడదని నియమం పెడితే ఎక్కువమంది కాళ్లకు బంతి అందుతుంది. ఎడమకాలితోనే ఆడమంటే ఖర్చు లేకుండా కొత్త పాఠం మొదలవుతుంది. ఈరోజు గోల్ కాచినవాణ్ణి రేపు ముందు వరుసలో నిలబెడితే, వాడిలో ఏముందో సారుకూ తెలుస్తుంది, వాడికీ తెలుస్తుంది. ప్రతి పిల్లవాడి సంగతీ సారు మనసులో ఒక చిట్టాగా పెరిగితే, అవసరం వచ్చిన రోజు ఆ చిట్టాలోంచే ఉపాయం పుడుతుంది.

రెండో మాట కాస్త చేదు. ఒక్క బంతితో నెట్టుకొస్తున్న సారును మెచ్చుకుని మనం చేతులు దులుపుకుంటే అది హెల్సింకీ తప్పే. లేమిని కళ అని పొగడటం వల్ల లేమి తీరదు. పిల్లల కాళ్లకు బూట్లు కావాలి, తాగడానికి నీళ్లు కావాలి, రెండో బంతి కావాలి. అవి సమకూర్చడం తల్లిదండ్రుల, ఊరి పెద్దల, సర్కారు బాధ్యత. ఆ సారు సమయస్ఫూర్తి ఆ బాధ్యతకు బదులు కాదు. వాన రాకపోతే ఉలవలు చల్లే రైతు తెలివైనవాడే. అంతమాత్రాన చెరువు పూడిక తీయనక్కర లేదని ఎవరూ అనరు గదా.

చునీ, జర్నైల్, బెనర్జీ, బలరాం, తంగరాజ్, యూసుఫ్ ఖాన్. వేరు వేరు ఊళ్లవాళ్లు, వేరు వేరు భాషలవాళ్లు, వేరు వేరు మతాలవాళ్లు. అందరినీ ఒక్క పాఠంలో కూర్చోబెట్టగలిగిన పంతులు రహీం సాబ్. ఈసారి మీ ఊరి బడి మైదానం పక్కగా వెళ్లేటప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడండి. ఎండలో ఈల పట్టుకుని నిలబడ్డ సారుకు సలాం చెప్పండి. ఆ పిల్లలకు ఇంకో బంతి కావాలేమో అడగండి.